తెర మీది పై అధికారి

ఆ కంప్యూటర్ చేసిన మొదటి తప్పు నమస్కారం పెట్టడం.

మా ఊరి కొండ మీద మంచినీళ్ళ ట్యాంకు ఉంది. ట్యాంకు పక్కన ఒక గది, గదిలో ఒక కంప్యూటర్. తెల్లారగానే అది తనంతట తాను వాల్వు తెరిచి కింది వీధులకు నీళ్ళు వదులుతుంది. కాసేపటికి తనంతట తాను మూస్తుంది. మనుషులతో పని లేదు. తలుపు మీద ‘మానవరహిత నీటి విడుదల కేంద్రం’ అని పెద్ద అక్షరాల్లో రాయించారు. పూర్వం వాల్వుకు ఒక ఇనుప చక్రం ఉండేది. కేంద్రం ప్రారంభోత్సవానికి ముందు రోజు దాన్ని కోయించేశారు. చక్రం కనబడితే దాన్ని తిప్పడానికి మనిషి కావాలేమోననే అపోహ కలుగుతుందని ఉత్తర్వులో కారణం కూడా రాశారు.

ఆ విభాగంలో నేను అసిస్టెంట్ ఇంజనీరుని. వారానికోసారి కొండెక్కి, గది తాళం తీసి లోపలికి వెళ్ళి, లోపల ఎవరూ లేరని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టి రావడం నా విధుల్లో ఒకటి. గది మధ్యలో నిలబడి ‘ఎవరూ లేరు’ అని రాయడం మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది. నేను ఒంటరిగా బతికేవాణ్ణి. నన్ను ఎవరైనా ఏమైనా అడిగి చాలా కాలమైంది. అందుకే ఆ వాక్యం అంత అబద్ధంగా అనిపించేది కాదు.

ఒక సోమవారం కిందికి నీళ్ళు రాలేదు. కొండెక్కి చూస్తే తెర నిండా నీలం రంగు. దాని మీద తెల్లటి అక్షరాలు: ‘నమస్కారం. కొత్త మార్పులు పూర్తయ్యాయి. కొన్ని ప్రశ్నలకు జవాబిస్తే మీ కంప్యూటర్‌ను మరింత బాగా సిద్ధం చేద్దాం.’ కింద రెండు బటన్లు. ఒకటి ‘కొనసాగించండి’, రెండోది ‘తర్వాత గుర్తు చేయండి’. రాత్రి అప్‌డేట్ వచ్చి, కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలై, ఈ మాట దగ్గర నిలబడిపోయింది. దాన్ని ఎవరో ఒకరు దాటిస్తే తప్ప నీళ్ళ ప్రోగ్రాం మొదలు కాదు.

ఇది పెద్ద విషయం కాదు. ఆ తెరను దాటి, సెట్టింగుల్లో రెండు మూడు చిన్న స్విచ్చులు ఆపేస్తే కంప్యూటర్ ఇక ఎప్పుడూ ఇలా పలకరించదు. ఆ సంగతి నాకు తెలుసు. వేలు మౌస్ మీదికి వెళ్ళింది కూడా. అక్కడే ఆగింది. అది మా విభాగం కంప్యూటర్. దాని స్వభావాన్ని మార్చే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. తలుపు మూసి కిందికి దిగాను.

కొండ కింద ఆడపిల్లల సంక్షేమ హాస్టల్ ఉంది. దాని మేట్రన్ రూతమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బిందె.

“ఏంది సారూ, నీళ్ళు?”

“కంప్యూటర్ ఏదో అడుగుతోందమ్మా.”

“అడిగితే చెప్పి పంపొచ్చు గదా. నోరు లేదా నీకు?”

“పైవాళ్ళు చెప్పాలి.”

ఆవిడ బిందె కింద పెట్టింది. “మా బోరు ఎండిపోయింది. వారం నీళ్ళు లేకపోతే హాస్టల్ మూసి పిలకాయల్ని ఇళ్ళకు పంపేయమంటారు. పోయినేడు అట్నే పంపిచ్చారు. పోయినోళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. ఒకదాన్ని మిరపచేలో చూసినా. ఇంకొకదాన్ని మెళ్ళో పసుపుతాడుతో చూసినా. తొందరగా చెప్పమను మీ పైవాళ్ళని.”

మా కార్యనిర్వాహక ఇంజనీరు పేరు పరబ్రహ్మం. నెమ్మదిగా మాట్లాడే మనిషి. తనకు వచ్చిన ఏ కాగితానికీ జవాబు ఇవ్వకుండా ఉండలేదని ఆయనకు పేరు. నేను చెప్పింది విని, తెర ఫొటో చూసి, ఆలోచనలో పడ్డారు. పక్కన ఆఫీసు సూపరింటెండెంటు లింగమూర్తి నిలబడి ఉన్నాడు. అతను ఏ మాట మాట్లాడినా అది అప్పటికే ఒక ఫైల్లో ఉన్నట్టు వినిపిస్తుంది.

“ఇది ఎవరండీ అడుగుతున్నది?” అన్నారు పరబ్రహ్మం గారు.

“ఎవరూ కాదండి. అప్‌డేట్ తర్వాత వచ్చే మామూలు పలకరింపు. ఆపేయొచ్చు. అనుమతిస్తే ఇప్పుడే వెళ్ళి ఆపి వస్తాను.”

ఆయన కళ్ళజోడు తీశారు. “చూడు విద్యాధర్. మనం పిలవకుండానే వచ్చి, మన పని ఆపించి, జవాబు చెప్పేదాకా కదలని దాన్ని ప్రభుత్వంలో ఏమంటారు?”

నేను లింగమూర్తి వైపు చూశాను.

“పై అధికారి అంటారు,” అన్నాడు లింగమూర్తి మెల్లగా.

“పై అధికారి అడిగిన ప్రశ్నల్ని ఆపేయడమంటే, రేపు ఆడిట్ వాళ్ళ అభ్యంతరాల్ని కూడా ఆపేయమంటావు. అది చాలా దూరం పోతుంది.”

“పోనీ ‘తర్వాత గుర్తు చేయండి’ అని నొక్కుతానండి.”

“పై అధికారికి మనం పని పురమాయిస్తామా?”

లింగమూర్తి అప్పటికే రాయడం మొదలుపెట్టాడు. విషయం: మానవరహిత కేంద్రం తెర మీద ప్రత్యక్షమైన ప్రశ్నలు, సవినయముగా సమాధానములు సమర్పించుట గురించి.

మర్నాడు ముగ్గురం కొండెక్కాం. మానవరహిత కేంద్రంలోకి మనుషులు వెళ్ళడానికి లింగమూర్తి ముందే ఒక అనుమతి తయారు చేశాడు. గదిలో కుర్చీ లేదు. మనుషులు లేని చోటికి కుర్చీ మంజూరు కాదు. నిలబడే ‘కొనసాగించండి’ నొక్కాను.

మొదటి ప్రశ్న: ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’

నా పేరు కొట్టబోతే పరబ్రహ్మం గారు చెయ్యి అడ్డం పెట్టారు. “వ్యక్తుల పేర్లు కాదు. వ్యక్తులు బదిలీ అవుతారు. హోదా కొట్టు.”

హోదా మొత్తం ఆ పెట్టెలో పట్టలేదు. ‘కార్యనిర్వాహక ఇం’ దగ్గర ఆగిపోయింది. మిగతా భాగం అనుబంధంగా పంపుతామని రాయడానికి చోటు లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, దైవాధీనం అన్నట్టు తలూపారు. నొక్కాను.

‘కార్యనిర్వాహక ఇం గారూ, మిమ్మల్ని కలవడం సంతోషంగా ఉంది’ అంది తెర.

పరబ్రహ్మం గారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. “నా సర్వీసులో పైనుంచి ఇలాంటి మాట రావడం ఇదే,” అన్నారు. ఆయన్ని చూసి నాకు నవ్వు రాలేదు. కలవడం సంతోషం అని ఎవరైనా అంటే నేను కూడా అలాగే అయిపోయేవాణ్ణేమో.

రెండో ప్రశ్న దగ్గర చిక్కు వచ్చింది. ‘ఈ కంప్యూటర్‌ను దేనికి వాడాలనుకుంటున్నారు?’ కింద బొమ్మలు. ఆటలు, చదువు, కుటుంబం, వ్యాపారం, వినోదం. నీళ్ళు లేవు.

“వ్యాపారం అంటే?” అన్నాను.

“నీళ్ళు అమ్ముతున్నామని ఒప్పుకున్నట్టు. పన్ను వాళ్ళు వస్తారు,” అన్నాడు లింగమూర్తి.

“చదువు? కింద హాస్టల్ పిల్లలకు వెళ్తాయి కదా.”

“అప్పుడు విద్యాశాఖ వాళ్ళు ట్యాంకు తమదంటారు.”

“ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తే?”

“దేనికీ వాడనప్పుడు ఎందుకు కొన్నారని అడుగుతారు.”

దీని మీద ఒక కమిటీ వేశారు. నీళ్ళను ప్రజలు దేనికి వాడుతున్నారో తెలుసుకోవడానికి ఆ కమిటీ ఇంటింటికీ తిరిగింది. నీళ్ళు రాక బిందెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడిన వాళ్ళని ‘మీరు నీళ్ళు దేనికి వాడతారు?’ అని అడిగింది. మా కమిటీలో ఒక్కరు కూడా దెబ్బలు తినకుండా తిరిగి రావడం మా ఊరి సంస్కారానికి నిదర్శనంగా నివేదికలో నమోదైంది. రూతమ్మ మాత్రం లింగమూర్తిని కిందా మీదా చూసి, “మొకం కడుక్కోడానికి. నీకు అలవాటుందా?” అందట. దాన్ని ‘వ్యక్తిగత పరిశుభ్రత’ కింద రాసుకున్నాడు.

ఈలోగా హాస్టల్‌కు ట్యాంకర్ పంపమని నేను నోట్ పెట్టాను. అది తిరిగొచ్చింది. వాల్వు చెడిపోతేనే ట్యాంకరుకు నిబంధన ఉంది. ఇక్కడ వాల్వు చెడిపోలేదు. ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఉంది.

చివరికి కమిటీ ‘కుటుంబం’ అని తేల్చింది. ఊరంతా మన కుటుంబమే అనే భావన అందులో ఉందని, దాన్ని ఎవరూ తప్పు పట్టలేరని పరబ్రహ్మం గారు సంతకం చేశారు.

మూడో ప్రశ్న ముఖం గురించి. ‘మీ ముఖం చూపించండి. ఇకనుంచి మిమ్మల్ని గుర్తుపడతాం.’ మానవరహిత కేంద్రానికి ముఖం ఉండవచ్చునా అన్నది పెద్ద ప్రశ్నే. పరబ్రహ్మం గారు దాన్ని కమిటీకి పంపలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చారు.

‘కొంచెం దగ్గరికి రండి’ అంది తెర.

“వస్తున్నానండి,” అన్నారాయన.

‘వెలుతురు చాలడం లేదు.’

“క్షమించండి. లింగమూర్తీ, కిటికీ.”

‘తల కొద్దిగా ఎడమవైపు తిప్పండి.’

ఆయన తిప్పారు. మెడనొప్పి మనిషి. అయినా అది చెప్పినంతసేపూ అలాగే ఉన్నారు. ‘మిమ్మల్ని గుర్తుపట్టాం’ అని తెర మీద పడగానే ఆయన ముఖంలో కనిపించిన వెలుగు నేను వేరే ఎక్కడా చూడలేదు. మనిషి ప్రమోషన్ కోసం పడే తపన అంతా అడుగున ఈ మాట కోసమేనేమో.

ఆ తర్వాత ప్రశ్నలు తేలికగానే జరిగాయి. ఫొటోలు దాచమంటారా అంటే శంకుస్థాపన ఫొటో సమర్పించాం. ఈ పరికరం పోతే వెతకమంటారా అంటే అది ఎక్కడికీ పోదని, అందుకు నేను వ్యక్తిగతంగా బాధ్యుణ్ణని నాచేత హామీపత్రం రాయించి పక్కన పెట్టారు. తెర అడుగున, ఎంత పూర్తయిందో చూపే గీత దాదాపు నిండింది. నీళ్ళు వస్తాయని నేను రూతమ్మకు చెప్పి పంపాను.

అప్పుడు చివరి తెర వచ్చింది. ‘మా సేవ మీకు ఎలా అనిపించింది?’ కింద ఐదు చుక్కలు. నొక్కితే వెలుగుతాయి.

పరబ్రహ్మం గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

“ఇది పనితీరు మీద రాసే రహస్య నివేదిక,” అన్నారు. “పై అధికారి తన మీద మనల్నే రహస్య నివేదిక రాయమంటున్నారు.”

“ఐదూ నొక్కేద్దామండి,” అన్నాను.

“ముఖస్తుతి అనుకుంటారు.”

“నాలుగు?”

“ఆ ఒక్కటి ఎందుకు తగ్గించారని సంజాయిషీ అడుగుతారు.”

“అసలు కింది ఉద్యోగి పై ఉద్యోగికి మార్కులు ఇచ్చు విషయమై స్పష్టమైన మార్గదర్శకములు లేవు,” అన్నాడు లింగమూర్తి. అది నిజమే. ఫైలు రాజధానికి వెళ్ళింది. అక్కడినుంచి వెంటనే ఒక జవాబు వచ్చింది. విషయం సున్నితమైనదని, తుది నిర్ణయం వెలువడే వరకు కేంద్రంలో దేన్నీ ముట్టుకోవద్దని.

ఆ సాయంత్రమే హాస్టల్ గేటుకు నోటీసు అంటించారు. నీటి ఎద్దడి కారణంగా సోమవారం నుంచి హాస్టల్ మూసివేయబడును. తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసుకుపోవలెను.

ఆదివారం మధ్యాహ్నం నేను కొండ మీద గదిలో ఉన్నాను. ఎవరూ లేరని సంతకం పెట్టే రోజు అది. మెట్ల మీద రొప్పు వినిపించింది. రూతమ్మ ఎక్కి వచ్చింది. కొంగుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలో కూలబడింది.

“ఈ డబ్బానేనా?”

“ఇదే.”

“ఏమంటది?”

“ఎలా ఉంది మా సేవ అంటోంది.”

ఆవిడ తెర వంక కాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. “నీకు దీన్ని ఆపడం వచ్చా, రాదా?”

“వచ్చు.”

“ఎంతసేపు పడతది?”

“నువ్వు నీళ్ళు తాగేంతసేపు.”

“నీళ్ళెక్కడివి నాయనా,” అందావిడ.

నా భయాన్ని నేను చాలా కాలంగా గమనిస్తున్నాను. దానికి నాకు తెలిసిన ముఖం ఏదీ లేదు. పరబ్రహ్మం గారంటే నాకు భయం లేదు, ఆయనకే అందరన్నా భయం. ఉద్యోగం పోతుందనీ కాదు. ఇలాంటి ఉద్యోగం పోదు, ఉండిపోతుంది. నా భయం ఒక్క వాక్యానికి. ‘నిన్నెవరు చేయమన్నారు?’ చిన్నప్పుడు ఇంట్లో విన్నాను, బళ్ళో విన్నాను, ఆఫీసులో వినకముందే వినిపించేది. గొంతులు మారాయి, మాట అదే. ఆ మాటకు నా దగ్గర ఎప్పుడూ జవాబు లేదు. జవాబు లేని మనిషి ఏ పనీ చేయకుండా ఉండటానికి ఎంత శ్రమ పడతాడో బయటివాళ్ళకు తెలియదు. వాళ్ళకు అతను ఊరికే నిలబడినట్టు కనిపిస్తాడు.

“నన్నెవరూ చేయమనలేదు,” అన్నాను పైకే.

“నేనంటున్నా గదా,” అంది రూతమ్మ. తర్వాత ఏమనుకుందో, “నేనెవర్ని అనడానికి? వద్దులే. నువ్వే అనుకో,” అంది.

చుక్కల తెర మూలన ‘ఇప్పుడు వద్దు’ అని సన్నటి అక్షరాలు ఉన్నాయి. నొక్కాను. సెట్టింగులు తెరిచాను. అప్‌డేట్ తర్వాత స్వాగతం చూపించు, ఆపాను. సెటప్ పూర్తి చేయమని సూచించు, ఆపాను. చిట్కాలు, సలహాలు ఇవ్వు, ఆపాను. మూడూ మూడు చిన్న కళ్ళు మూసుకున్నట్టు మూసుకున్నాయి. నీళ్ళ ప్రోగ్రాం మొదలైంది. గోడ అవతల వాల్వు కదిలింది. గొట్టంలో గాలి దగ్గినట్టు దగ్గి, ఆ తర్వాత నీళ్ళు దిగడం మొదలైంది.

రూతమ్మ లేచింది. మెట్లు దిగుతూ పరిగెత్తింది. ఆ వయసులో, ఆ ఒంటితో.

సోమవారం హాస్టల్ మూయలేదు. నోటీసు మీద నీళ్ళు పడి దానంతట అదే ఊడిపోయింది.

ఆఫీసులో మాత్రం సంతోషం ఒక్క పూటే నిలిచింది. రోజులు గడిచాయి, కంప్యూటర్ ఏమీ అడగడం లేదు. పరబ్రహ్మం గారు కొండ ఎక్కి తెర ముందు నిలబడి తల ఎడమవైపు తిప్పి చూశారట. అది గుర్తుపట్టలేదు. దానికి ఆయన అవసరం లేదు. నీళ్ళు వదులుకుంటూ ఊరుకుంది. దిగి వచ్చి నన్ను పిలిపించారు.

“మనవల్ల ఏదైనా తప్పు జరిగిందా? వారెందుకు మౌనంగా ఉన్నారు?”

“ప్రశ్నలు నేనే ఆపేశానండి.”

ఆయన నన్ను చూసిన తీరు మరిచిపోలేను. పై అధికారి గొంతు పిసికిన మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత నేను ఎదురుచూస్తున్నది అడిగారు. “నిన్నెవరు చేయమన్నారు?”

“ఎవరూ అనలేదండి.”

నేలేమీ బద్దలు కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంతకాలం నేను మోసిన వాక్యం ఇంత చిన్నదా అనిపించింది.

“మళ్ళీ స్విచ్చులు వేయించవచ్చునేమో,” అన్నాడు లింగమూర్తి.

“మమ్మల్ని ప్రశ్నించండి అని పై అధికారిని మనం ఆజ్ఞాపించినట్టు అవుతుంది,” అన్నారు పరబ్రహ్మం గారు. “అదీ కుదరదు.”

చాలా తర్జనభర్జన తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రశ్నలు నిలిచిపోవుటకు కారకుడైన అసిస్టెంట్ ఇంజనీరే, ఆ లోటును స్వయముగా భర్తీ చేయవలెను. ప్రతి సోమవారం కార్యాలయమునకు హాజరై కార్యనిర్వాహక ఇంజనీరు గారిని ప్రశ్నించవలెను. సమాధానములు పూర్తియగు వరకు కార్యాలయములో ఇతర పనులు జరుగరాదు.

ఇది శిక్ష అని వాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను. మొదటి సోమవారం నేను లోపలికి అడుగు పెట్టగానే పరబ్రహ్మం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తానెందుకు లేచారో ఆయనకే అర్థం కాలేదు. లింగమూర్తి కలం మూత తీసి పట్టుకున్నాడు. నేను నమస్కారం పెట్టి, దేనికి వాడుతున్నారు, ముఖం చూపించండి, ఎలా అనిపించింది అని వరసగా అడిగాను. ఆయన శ్రద్ధగా చెప్పారు. రెండు మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం సాయంత్రం హాస్టల్ ముందునుంచి వెళుతున్నాను. పంపు దగ్గర పిల్లలు బట్టలు ఉతుకుతున్నారు. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటుంటే రూతమ్మ తిడుతోంది. తిట్టులో తీపి ఉంది.

“పిల్లలందరూ ఉన్నారా అమ్మా?” అన్నాను. ఎవరూ అడగమనకుండా నేను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

ఆవిడ తిట్టడం ఆపింది. “ఒకతి లేదు. వెంగమ్మ అని తొమ్మిదో తరగతి పిల్ల. నోటీసు చూసి శనివారమే వాళ్ళ మామ వచ్చి తీసకపోయినాడు. నువ్వు డబ్బా ఆపింది ఆదివారం.” తర్వాత నా ముఖం చూసి, “నిన్ననడం లేదులే,” అంది. ఆ పిల్ల ఊరేదో అడిగి తెలుసుకున్నాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. పరబ్రహ్మం గారు లేచి నిలబడ్డారు. నమస్కారం పెట్టాను.

“వెంగమ్మ తిరిగి ఎప్పుడు వస్తుంది?” అన్నాను.

ఆయన లింగమూర్తిని చూశారు. లింగమూర్తి కలాన్ని గాల్లో ఆపాడు. “ఇది మన విభాగమునకు సంబంధించిన ప్రశ్న కాదు.”

నేను పరబ్రహ్మం గారి వైపే చూశాను.

“వేరే ప్రశ్న అడుగు విద్యాధర్,” అన్నారు పరబ్రహ్మం గారు.

నేను కదలలేదు. గుమస్తాలు ఫైళ్ళు మూసి చేతులు కట్టుకున్నారు. బయట సంతకాల కోసం వచ్చిన కాంట్రాక్టర్లు తలుపు సందులోంచి చూసి వెళ్ళిపోయారు. టీ తెచ్చిన మనిషి గ్లాసులు కింద పెట్టాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తర్వు ఆయన సంతకం చేసిందే. ఎండ కిటికీ దాటి బల్ల మీదికి, బల్ల మీదినుంచి ఆయన చేతుల మీదికి వచ్చింది. ఆయన కూర్చోలేదు. నేను అక్కడుండగా కూర్చోలేరు. ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి వెతికి చూశారు, ఎక్కడో మూలన సన్నటి అక్షరాలు ఉంటాయేమో అన్నట్టు.

భోజనాల వేళ దాటాక ఆయన ఫోను దగ్గరికి లాక్కున్నారు. సంక్షేమ శాఖ నంబరు లింగమూర్తిని అడిగి తిప్పారు. అవతల ఎవరో ఎత్తారు. ఆయన తన హోదా చెప్పబోయి, సగంలో ఆపి, రిసీవరు అరచేత్తో మూసి నా వైపు తిరిగారు.

“ఆ పిల్లది ఏ ఊరయ్యా?” అన్నారు.

చెప్పాను.